‘గ్రేట్ ప్లేస్ టు వర్క్’ సర్టిఫికెట్ చూసి ఉద్యోగంలో చేరొచ్చా?

ప్రశ్న: మాది గుణుపురం. ఎంబీఏ అయింది. రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి పెద్ద ఫైనాన్స్ కంపెనీ, రాయగడ బ్రాంచిలో, నెలకు 23 వేలు. ఆ కంపెనీకి వరసగా ‘గ్రేట్ ప్లేస్ టు వర్క్’ సర్టిఫికెట్ వస్తోంది. మా నాన్నగారు అది చూసి ఇంకేమీ ఆలోచించొద్దంటున్నారు. రెండోది రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ ట్రైనీ, 19 వేలు. దానికి అవార్డులేమీ లేవు. ఈ అవార్డులను ఎంతవరకు నమ్మొచ్చు? (మొదటి ఆఫర్ లెటర్ ఒక ఏజెన్సీ పేరు మీద ఉంది. అది మామూలే అని ఫోన్లో చెప్పారు.)

జవాబు:

అమ్మా, ముఖ్యమైన సంగతిని తీసుకెళ్ళి బ్రాకెట్లో పెట్టేశారు. మీ నాన్నగారు చూసిన సర్టిఫికెట్ ఆ ఫైనాన్స్ కంపెనీది. మీ చేతిలో ఉన్న లెటర్ ఏజెన్సీది. అంటే మీరు రోజూ కూర్చునేది ఆ కంపెనీ బ్రాంచిలోనే అయినా, కాగితం మీద మీ యజమాని ఇంకొకరు. దీన్ని మా హెచ్‌ఆర్ వాళ్ళు ఆఫ్‌రోల్ అంటారు. ఆ సర్టిఫికెట్ మంచిదా చెడ్డదా అన్నది తర్వాత మాట, ముందు అది మీకు వర్తిస్తుందా అన్నదే తేలాలి. వర్తించదనే నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

రాయగడ, కోరాపుట్ జిల్లాల ఫ్యాక్టరీల్లో హెచ్‌ఆర్ పని చేసి రిటైరయ్యాను. ఈ అవార్డుల దరఖాస్తులు నింపాను, సర్వేలు దగ్గరుండి జరిపించాను, ట్రోఫీ ఫొటోల్లో వెనక వరసలో నిలబడ్డాను కూడా. కాబట్టి వాటిని ఊరికే తీసిపారేయను.

వీటి పుట్టుక అమెరికాలో. 1984లో రాబర్ట్ లెవరింగ్, మిల్టన్ మాస్కోవిట్జ్ అనే జర్నలిస్టులు, మైఖేల్ కాట్జ్‌తో కలిసి, అక్కడ ఉద్యోగం చేయడానికి అనువైన వంద కంపెనీల మీద పుస్తకం వేశారు. ఊరూరా తిరిగి ఉద్యోగులతో మాట్లాడి రాసిన పుస్తకం. జీతం, సదుపాయాల కంటే పైవాళ్ళ మీద నమ్మకమే మంచి కంపెనీని మామూలు కంపెనీ నుంచి వేరు చేస్తోందని లెవరింగ్‌కి అనిపించింది. ఆ ఆలోచన మీదే 1991లో గ్రేట్ ప్లేస్ టు వర్క్ సంస్థ వచ్చింది. 1998 నుంచి ఫార్చ్యూన్ పత్రిక ఏటా ఆ జాబితా వేస్తోంది. తర్వాత ఇది మన దేశానికీ వచ్చింది. ఇప్పుడు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, ఆసుపత్రులు, సిమెంటు ఫ్యాక్టరీలు, అందరి లెటర్‌హెడ్ మీదా ఆ ముద్ర కనిపిస్తోంది.

లెక్క ఎలా వేస్తారో తెలిస్తే సగం సందేహం తీరిపోతుంది. ఉద్యోగులకు ఒక లింక్ వస్తుంది. అందులో అరవై దాకా వాక్యాలుంటాయి. పైవాళ్ళు చెప్పింది చేస్తారా, చేసిన పనికి తగ్గ జీతం ఇస్తున్నారా, ఇక్కడ పని చేయడం శరీరానికి క్షేమమేనా, అన్నీ కలిపి చూస్తే ఇది మంచి చోటేనా, ఇలా. ఒక్కోదానికి ‘దాదాపు ఎప్పుడూ నిజం కాదు’ నుంచి ‘దాదాపు ఎప్పుడూ నిజమే’ దాకా ఐదు మెట్లు. పై రెండు మెట్లలో టిక్ పెట్టినవాళ్ళ శాతం తీస్తారు. అన్ని వాక్యాల సగటు మన దేశంలో 70 గానీ ఆపైన గానీ ఉంటే సర్టిఫికెట్. దాని గడువు ఒక్క ఏడాది. సర్టిఫికెట్ వేరు, ర్యాంకు జాబితా వేరు అన్నది కూడా గుర్తుంచుకోండి. సర్టిఫికెట్ అంటే పరీక్ష పాసవడం, ఎంతమందైనా పాసవ్వొచ్చు. ‘టాప్ 100’ లాంటి జాబితాల్లో పోటీ ఉంటుంది, సర్వేతో పాటు కంపెనీ తన పద్ధతుల గురించి రాసి పంపే పత్రాలకూ మార్కులుంటాయి. మీరు చెప్పినది సర్టిఫికెట్.

ఇక 70 అన్నది మొత్తం కంపెనీ సగటు. ఉదాహరణకు భువనేశ్వర్ హెడ్డాఫీసులో 90 వచ్చి, కొండ మీద బ్రాంచిల్లో 55 వచ్చినా, తలల లెక్క సరిపోతే సగటు 70 దాటేస్తుంది. మీరు చేరేది సగటులో కాదు, రాయగడ బ్రాంచిలో. ఆ బ్రాంచి మేనేజర్ ఎలాంటివాడు, కలెక్షన్ రోజున ఎన్నింటికి వదులుతాడు, ఆ ఒక్క మనిషి మీదే మీ రోజులు ఆధారపడి ఉంటాయి.

సర్వే వారం ఎలా ఉంటుందో చెప్తే మీకు ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఒక ఫ్యాక్టరీలో, పేరు అనవసరం, సర్వే మొదలైన రోజు క్యాంటీన్‌లో మధ్యాహ్నం భోజనంలోకి గులాబ్‌జామ్ వడ్డించారు. ప్లాంట్ హెడ్ షాపుఫ్లోర్ మీదకొచ్చి అందరితో కరచాలనం చేశాడు. సాయంత్రానికి డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ‘ఇంకా నింపనివాళ్ళు రాత్రిలోగా నింపండి, మన డిపార్ట్‌మెంటే వెనకబడింది’ అని మెసేజ్‌లు. ఫలానా వాక్యానికి ఫలానా టిక్ పెట్టమని ఎవరూ చెప్పరు, అలా చెప్తే పట్టుబడతారు. కానీ నింపడాన్నే పోటీ చేసేసరికి జనం బుర్ర పెట్టి చదవరు, గబగబా నాలుగు, ఐదు కొట్టేసి ఊపిరి పీల్చుకుంటారు.

లింక్ ఎక్కువగా ఆఫీసు మెయిల్‌కి వస్తుంది. కంపెనీ మెయిల్ ఐడీ కంపెనీ ఉద్యోగులకే ఉంటుంది. అదే గేటులో, ఏ షిఫ్టుకి ఆ షిఫ్టుకి, కాంట్రాక్టర్ పాసు మెడలో వేసుకుని, స్టీలు క్యారేజీ పట్టుకుని వచ్చేవాళ్ళు వందల్లో ఉంటారు. లోడింగ్ వాళ్ళే, హౌస్‌కీపింగ్ వాళ్ళే, మెషీన్ దగ్గర హెల్పర్లు వాళ్ళే. కంపెనీ తన ఉద్యోగుల జాబితా ఇచ్చేటప్పుడు మామూలుగా వాళ్ళ పేర్లుండవు. వాళ్ళది కాంట్రాక్టర్ మనుషుల కింద లెక్క. మీ ఏజెన్సీ లెటర్ మిమ్మల్ని కూర్చోబెడుతున్నది ఆ జాబితాలోనే. మీది ఎంబీఏ, కుర్చీ, ఏసీ గది కాబట్టి తేడా కనిపించదు, అంతే.

భాష సంగతి కూడా ఉంది. మా ప్రాంతంలో ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఆఫీసులో హిందీ. సర్వే ఏయే భాషల్లో పెట్టాలో కంపెనీ ఎంచుకుంటుంది, ఇంగ్లీషు, హిందీ ఉంటే చాలనుకునేవాళ్ళే ఎక్కువ. యాభై దాటిన తెలుగు ఆపరేటర్ దాన్ని చదవలేక టైమాఫీసు గుమాస్తా చేతికి ఫోనిచ్చి ‘నువ్వే కొట్టేయ్ బాబూ’ అంటాడు. గుమాస్తా హెచ్‌ఆర్ గదిలో కూర్చునే కొడతాడు. పేర్లు ఎవరికీ తెలియవని సంస్థ హామీ ఇస్తుంది, అది నిజమే, చిన్న గుంపుల ఫలితాలు విడిగా చూపించరు కూడా. ఆ హామీని నమ్మే ఆపరేటర్ని మాత్రం నేనెక్కడా చూడలేదు.

ఇదంతా విని ఇది ఉత్త నాటకమని కొట్టిపారేయకండి. ఒక చోట రాత్రి షిఫ్టు బస్సు టైముకి ముందే వెళ్ళిపోతోందని ఎన్ని మీటింగుల్లో చెప్పినా కదలనిది, సర్వే కామెంట్లలో పదేపదే కనిపించేసరికి నెల తిరక్కుండా మారింది. మార్కులు తగ్గిన డిపార్ట్‌మెంట్ హెడ్‌ని పైనుంచి పిలిచి అడిగారు. మంచి యాజమాన్యం చేతిలో ఇది పనికొచ్చే పనిముట్టే. పైగా లాభం కూడా ఉంది. అలెక్స్ ఎడ్మన్స్ అనే ఆచార్యుడు అమెరికా జాబితా కంపెనీల షేర్లను 1984 నుంచి 2009 దాకా పరిశీలించి, రిస్కు లెక్కలన్నీ తీసేశాక కూడా ఏటా సుమారు 3.5 శాతం అదనపు రాబడి ఇచ్చాయని 2011లో ప్రచురించాడు. ఉద్యోగులను బాగా చూసుకునే కంపెనీలు వాటాదారులకూ మేలు చేశాయన్నమాట. మన యజమానులకు ఈ అవార్డుల మీద మోజు పెరగడానికి అదీ ఒక కారణం, కానీ అసలు కారణం క్యాంపస్‌లో పిల్లలు దొరకడం. జాబ్ ప్రకటనలో ఆ బ్యాడ్జ్ ఉంటే దరఖాస్తులు ఎక్కువ వస్తాయి. మీ ఇంట్లోనే చూడండి, నాన్నగారి మీద పనిచేసిందిగా.

మిగతా అవార్డుల గురించి రెండు ముక్కలు. టాప్ ఎంప్లాయర్స్ ఇన్‌స్టిట్యూట్ అని నెదర్లాండ్స్ సంస్థ ఒకటి ఉంది, అది అడిగేది ఉద్యోగులను కాదు, హెచ్‌ఆర్ డిపార్ట్‌మెంట్‌ని. పాలసీలు, వాటి రుజువులు చూసి ముద్ర వేస్తుంది. గ్లాస్‌డోర్ వాళ్ళ అవార్డుకి ఎవరూ దరఖాస్తు పెట్టక్కర్లేదు, ఏడాది పొడుగునా ఉద్యోగులు రాసిన రివ్యూలే ఆధారం. లింక్డ్‌ఇన్ జాబితా తన దగ్గరున్న డేటాతో, చేరినవాళ్ళు పైకి ఎదుగుతున్నారా, నిలుస్తున్నారా అని లెక్కగడుతుంది. మన ఫ్యాక్టరీల గోడల మీద ఎక్కువగా కనిపించేవి భద్రతా అవార్డులు. ప్రమాదాలు తగ్గించినందుకు ఇచ్చేవి. వాటిని నేను చాలా గౌరవిస్తాను, కానీ అవి జీతం గురించీ మర్యాద గురించీ ఏమీ చెప్పవు.

ఇవి కాక ఇంకో రకం ఉంది. ‘మీ సంస్థ బెస్ట్ వర్క్‌ప్లేస్‌గా ఎంపికైంది, ఢిల్లీ హోటల్లో ఫంక్షన్, నామినేషన్ ఫీజు ఇంత, స్టేజీ మీద రెండు నిమిషాలు మాట్లాడితే ఇంత’ అని మెయిళ్ళొస్తాయి. సర్వే ఉండదు, ఎవరినీ అడగరు. బరంపురంలో ఒక నర్సింగ్‌హోమ్ రిసెప్షన్లో ఇలాంటి గాజు ట్రోఫీల వరస చూశాను, వాటి కింద కూర్చున్న అమ్మాయికి రెండు నెలల జీతం రాలేదట. మీ ఫైనాన్స్ కంపెనీది ఈ రకం కాదు లెండి. గ్రేట్ ప్లేస్ టు వర్క్ వెబ్‌సైట్లో సర్టిఫికెట్ ఉన్న కంపెనీల పేర్లు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్న తేదీలు కనిపిస్తాయి. ఒకసారి చూడండి, గడువైపోయిన బ్యాడ్జ్‌ని లెటర్‌హెడ్ మీద అలాగే ఉంచేసేవాళ్ళున్నారు.

సరే, అవార్డు మీకు చెప్పనిది ఎక్కడ దొరుకుతుంది?

అన్నిటికంటే ముందు పీఎఫ్. పీఎఫ్ వ్యవహారాలు చూసే ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్లో ‘ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్’ అని ఉంటుంది, లాగిన్ అక్కర్లేదు. అక్కడ ఫైనాన్స్ కంపెనీ పేరు కాదు, మీ లెటర్ మీదున్న ఏజెన్సీ పేరు కొట్టండి. పేమెంట్ వివరాలు తెరిస్తే ఏ నెల జీతానికి ఏ తేదీన డబ్బు జమైంది, ఎంతమందికి కట్టారు అన్నది నెలలవారీగా కనిపిస్తుంది. తర్వాతి నెల 15వ తేదీలోగా కట్టాలి. ఏడాది పాటు చూడండి. అన్ని నెలలూ 15 లోపలే ఉంటే ఏజెన్సీ నిలకడైనదే. రెండు మూడు నెలలది ఒకేసారి కట్టిన చోట జీతాలూ అలాగే ఆలస్యమవుతుంటాయి. మనుషుల సంఖ్య ఒక నెల 400, ఇంకో నెల 150 అని ఊగుతుంటే ఆ ఏజెన్సీ దగ్గర కాంట్రాక్టులు వస్తూ పోతూ ఉన్నాయని అర్థం. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త లెటర్ ఇస్తారు, సర్వీసు మళ్ళీ మొదటి నుంచి. గ్రాట్యుటీ దాకా వెళ్ళని పిల్లలు చాలామంది అలా తయారవుతున్నారు.

తర్వాత, షేర్‌మార్కెట్లో లిస్టయిన పెద్ద కంపెనీలకు బీఆర్‌ఎస్‌ఆర్ (బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టెయినబిలిటీ రిపోర్ట్) అని ఒక రిపోర్టు ఉంటుంది. మార్కెట్ విలువలో పై వెయ్యి కంపెనీలకు షేర్‌మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. వార్షిక నివేదికలోనే ఉంటుంది, లేదంటే దాని పక్కనే దొరుకుతుంది. ఎంబీఏ చదివారు కాబట్టి మీకు కష్టం కాదు. పర్మనెంట్ ఉద్యోగులు ఎందరు, పర్మనెంట్ కానివాళ్ళు ఎందరు, మగ ఆడ లెక్క, మూడేళ్ళుగా ఏటా ఎంత శాతం మానేశారు, ప్రమాదాలు, మరణాలు, లైంగిక వేధింపుల ఫిర్యాదులు ఎన్ని, ఎన్ని తేలాయి, ఇవన్నీ టేబుళ్ళలో ఉంటాయి. మన ప్రాంతం కంపెనీల్లో జేకే పేపర్, తెరుబలి ఇంఫా, దమన్‌జోడి నాల్కో, ఉత్కళ్ అల్యూమినా మాతృసంస్థ హిందాల్కో, అన్నీ లిస్టయినవే. మీ ఫైనాన్స్ కంపెనీ లిస్టయినదైతే ముందు చూడాల్సింది మానేసినవాళ్ళ శాతం. ఫైనాన్స్‌లో ఫీల్డ్ ఉద్యోగాల్లో అది ఎక్కువే ఉంటుంది, ఏటా పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూడండి. 70 మార్కుల సర్టిఫికెట్ పక్కన ఏటా సగం మంది మానేస్తున్న టేబుల్ ఉంటే నేను టేబుల్‌నే నమ్ముతాను. ఉన్నవాళ్ళే సర్వే నింపుతారు, వెళ్ళిపోయినవాళ్ళకు లింక్ రాదు కదా.

మూడోది బ్రాంచికి నేరుగా వెళ్ళడం. రాయగడ మీకు దగ్గరే. ఒకసారి సాయంత్రం ఆరు, ఏడు మధ్య ఆ బ్రాంచి ఎదురుగా టీ తాగండి. ఎన్నింటికి షట్టర్ దించుతున్నారు, ఆడపిల్లలు ఎందరు పనిచేస్తున్నారు, ఎలా ఇంటికెళ్తున్నారు చూడండి. వీలైతే ఫీల్డ్ ఆఫీసర్ ఒకరిని పలకరించండి. గ్రూపు లోన్ల కంపెనీ అయితే సెంటర్ మీటింగులు పొద్దున్నే ఉంటాయి, బిసమ్‌కటక్, మునిగుడ వైపు బైకు మీద తిరగాలి. పెట్రోలు ఇస్తారా, కిలోమీటరుకి ఎంత, కలెక్షన్ డబ్బు దారిలో పోతే ఎవరి నెత్తిన పడుతుంది, ఓవర్‌డ్యూ ఉంటే ఆదివారం కూడా పంపుతారా. మీది ఆఫీసు పోస్టని చెప్పి ఉండొచ్చు. మార్చి నెలాఖరులో ఆఫీసు పోస్టు వాళ్ళు కూడా ఫీల్డ్‌కి వెళ్తారా అని కూడా అడగండి.

ఆడపిల్లగా ఇంకొకటి. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం. సభ్యుల పేర్లు ఆఫీసు గోడ మీద ఉండాలి. ఏజెన్సీ మీద చేరితే మీ ఫిర్యాదు ఎవరి దగ్గరికి వెళ్ళాలని అడగండి. చట్టం ప్రకారం కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన మహిళ కూడా పనిచేసే చోటి కమిటీకే ఫిర్యాదు చేయొచ్చు. ఏజెన్సీ మనిషి ఈ ప్రశ్నకు నీళ్ళు నమిలితే అది కూడా మీకొక సమాచారమే.

రెండో ఆఫర్ గురించి మీరు పెద్దగా రాయలేదు, అవార్డు లేదు కాబట్టి కాబోలు. నేనైతే దాన్నే ముందు పెడతాను. లెటర్ కంపెనీ పేరు మీద ఉంది, చదివిన చదువుకి సరిపోయే పని, హెచ్‌ఆర్‌లో ఫ్యాక్టరీ అనుభవానికి విశాఖలోనైనా హైదరాబాద్‌లోనైనా విలువుంది. నాలుగు వేలు తక్కువ అంటారు. ఉద్యోగులకు వైద్యం అందించే ప్రభుత్వ బీమా ఈఎస్‌ఐకి ఇప్పటి జీతం పరిమితి నెలకు 21,000. 19 వేల జీతం దాని లోపలికొస్తుంది. మీ చేతి నుంచి పోయేది 0.75 శాతం, అంటే నూట నలభై చిల్లర. దానికి మీకూ, మీ మీద ఆధారపడితే అమ్మానాన్నలకూ వైద్యం. జేకేపూర్‌లో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. 23 వేల ఆఫర్లో ఈఎస్‌ఐ రాకపోవచ్చు. ఏజెన్సీ విడిగా ఇన్సూరెన్స్ ఇస్తోందా, అందులో తల్లిదండ్రులుంటారా అని అడిగితే తేడా నాలుగు వేలు నిజంగా నాలుగు వేలేనా అన్నది తేలుతుంది. పెట్రోలు మీ జేబులోంచే అయితే ఇంకా తగ్గుతుంది.

అయితే ఫ్యాక్టరీ లెటర్‌ని కూడా గుడ్డిగా సంతకం పెట్టకండి. ట్రైనీ అంటే ఎన్నాళ్ళు, తర్వాత కన్ఫర్మేషన్ రాతపూర్వకంగా ఉందా, ట్రైనింగ్‌లో ఇచ్చేది స్టైపెండా జీతమా, స్టైపెండ్ అయితే పీఎఫ్, ఈఎస్‌ఐ ఉంటాయా, మధ్యలో మానేస్తే బాండ్ డబ్బు ఎంత. హెచ్‌ఆర్ ట్రైనీకి రాత్రి షిఫ్టు మామూలుగా ఉండదు గానీ, టైమాఫీసులో వేస్తే ఉండొచ్చు. రాయగడ నుంచి కంపెనీ బస్సు ఏ టైముకి, ఆడవాళ్ళకి విడిగా దించుతారా కనుక్కోండి. గుణుపురం నుంచి రోజూ రావాలనే ఆలోచన మానుకుని రాయగడలోనే గది చూసుకోండి.

నాన్నగారికి ఆ రెండు లెటర్లూ పక్కపక్కన పెట్టి పై వరసలో ఉన్న కంపెనీ పేరు చదివించండి. ఏజెన్సీకి మాత్రం ఈ రోజే ఒక మెయిల్ పెట్టండి: నా పీఎఫ్ ఏ ఎస్టాబ్లిష్‌మెంట్ కోడ్ కింద కడతారు, ఫైనాన్స్ కంపెనీతో మీ కాంట్రాక్టు ఎప్పటిదాకా, నన్ను కంపెనీ రోల్స్‌లోకి తీసుకునే పద్ధతి ఏమైనా ఉందా, గత ఏడాది ఈ బ్రాంచిలో అలా ఎవరినైనా తీసుకున్నారా. ఫోన్లో కాదు, మెయిల్లోనే అడగండి. జవాబు రాకపోతే చేరే తేదీని వాయిదా అడగండి, ఫ్యాక్టరీ వాళ్ళకు మాత్రం అప్పటిదాకా కాదనకండి.